తిరగని రీలు, వినపడని మాట: ఒక హై8 కామ్‌కార్డర్ మరమ్మతు డైరీ

మే 11

మా మేనమామ 1994లో మస్కట్ నుంచి తెచ్చిన హై8 కామ్‌కార్డర్‌ను, అంటే 8 మిల్లీమీటర్ల టేపు మీద వీడియో తీసే కెమెరాను, ఈ రోజు బీరువా పైఅరలోంచి దించాను. దానితోపాటు సంచిలో ఒక చార్జరు, ఉబ్బిపోయిన నికెల్-కాడ్మియం బ్యాటరీ, టీవీకి కలిపే తీగలు, పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. 2006 ప్రాంతంలో ఇది మొరాయించినప్పుడు కాకినాడలోనే ఒక దుకాణానికి తీసుకువెళ్లగా, మూత కూడా విప్పకుండా ‘హెడ్డు పోయింది, కొత్తది దొరకదు’ అని చెప్పి పంపించారు. హెడ్డు అంటే టేపు మీది బొమ్మను చదివే భాగం. వీసీఆర్‌కైనా టేప్‌రికార్డర్‌కైనా ఏ జబ్బు చేసినా ఆ రోజుల్లో వినపడే తీర్పు అదే కాబట్టి మేమూ నమ్మి, సంచి జిప్పు వేసి బీరువా ఎక్కించాం.

ఈ కెమెరాతో కొత్తగా ఏదీ తీసే ఉద్దేశం నాకు లేదు. ఈ క్యాసెట్లను ఒక్కొక్కసారి సవ్యంగా ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోగలిగితే చాలు. వాడిన యంత్రం మరొకటి కొనవచ్చు గానీ, అదీ ముప్పై ఏళ్లదే అయి ఉంటుంది, దానికీ ఇవే రోగాలు ఉంటాయి. కనీసం దీని చరిత్ర నాకు తెలుసు.

యంత్రం జోలికి పోకముందే క్యాసెట్లను కిటికీ వెలుగులో ఒక్కొక్కటిగా చూశాను. వాటి మీద ‘పి5-90’ అని ఉంది. పి5 అంటే పాల్ అనే టీవీ పద్ధతికి చెందినదని, 90 అంటే మామూలు వేగంలో తొంభై నిమిషాలు నడుస్తుందని అర్థం. ఒమన్‌లోనూ మన దేశంలోనూ పాల్ పద్ధతే కాబట్టి అక్కడి యంత్రం, ఇక్కడి టీవీ ఒకదానికొకటి సరిపోతాయి. అమెరికా బంధువులు పంపిన క్యాసెట్లైతే ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతివి అయ్యేవి, వాటికి వేరే యంత్రం వెతుక్కోవలసి వచ్చేది. తొమ్మిదింటిలో రీలు అంచు నల్లగా, నున్నగా, మెరుస్తూ ఉంది. మిగిలిన రెండింటిలో మాత్రం రీలు చుట్ట మీద పిండి చల్లినట్టు తెల్లటి బూజు కనిపించింది. సముద్రం పక్క ఊళ్లో ముప్పై ఏళ్లున్న క్యాసెట్లకు ఇది వింతేమీ కాదు. బూజు పట్టిన రీలును ఒక్కసారి ఆడించినా అది హెడ్డుకూ, టేపును దారిలో నడిపించే గైడ్లకూ అంటుకుని, తరువాత ఆడించే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అందుకని ఆ రెండింటినీ వేరే కవర్లో మూసి పక్కన పెట్టాను. అన్ని క్యాసెట్లకూ వెనుక ఉన్న చిన్న మీటను ఎర్ర గుర్తు కనిపించేలా జరిపి, పొరపాటున కూడా వాటి మీద రికార్డు కాకుండా చూసుకున్నాను.

తొమ్మిదింటిలో ఒకదాని మీద ‘ట్రయల్’ అని మావయ్య చేతిరాత ఉంది. కెమెరా కొన్న కొత్తలో చేయి తిరగడానికి తీసినది. పరీక్షలన్నీ దాని మీదే చేయాలని, యంత్రం వరసగా ఐదు గంటలు పేచీ లేకుండా నడిచేదాకా మిగిలిన క్యాసెట్లేవీ అందులోకి పోకూడదని ఈ డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకున్నాను.

మే 14

బ్యాటరీ స్థానంలో, కరెంటుకు హద్దు పెట్టగల బల్ల మీది పవర్ సప్లయిని కలిపాను. బ్యాటరీ మీద 6 వోల్టులని ఉంది. అంతే ఇచ్చి, 2 ఆంపియర్ల దగ్గర హద్దు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. ‘ట్రయల్’ క్యాసెట్‌ను గూట్లో పెట్టగానే గూడు బుద్ధిగా కిందికి దిగింది. ప్లే నొక్కితే మోటారు చప్పుడు చేస్తూ రీలును బయటికి లాగి, హెడ్లు అమర్చిన డ్రమ్ము చుట్టూ చుట్టింది, డ్రమ్ము తిరుగుతున్న సన్నని ఈల వినిపించింది, వ్యూఫైండర్‌లో మసక మసకగా ఏదో బొమ్మ కదిలింది. నాలుగైదు సెకన్ల తరువాత అన్నీ ఆగిపోయి, రీలును మళ్లీ లోపలికి చుట్టుకుని, వ్యూఫైండర్‌లో హెచ్చరిక గుర్తు మినుకుమినుకుమంది. మూడుసార్లు ప్రయత్నించినా అదే వరస.

వ్యూఫైండర్‌లో ఏ కాస్త బొమ్మ కదిలినా హెడ్డు బతికే ఉందని అర్థం. పందొమ్మిదేళ్ల కిందటి తీర్పు ఆ నాలుగు సెకన్లలోనే కొట్టుకుపోయింది.

ఇలా ఆగిపోవడం యంత్రం తనను తాను కాపాడుకునే పద్ధతి. లోపలి మైక్రోకంట్రోలర్ రీలు నడుస్తున్నంతసేపూ రెండు విషయాలను గమనిస్తూ ఉంటుంది: డ్రమ్ము తిరుగుతోందా, రీళ్లు తిరుగుతున్నాయా. రెంటిలో ఏ సంకేతం అందకపోయినా, రీలు నలిగిపోకముందే బయటికి తీసిన దాన్ని వెనక్కి చుట్టేసి ఆగిపోతుంది. డ్రమ్ము ఈల నా చెవులకు వినపడుతోంది కాబట్టి అనుమానం రీళ్ల మీదికి మళ్లింది.

మే 18

ఆదివారం కావడంతో తీరికగా విప్పడానికి కూర్చున్నాను. ఇలాంటి జపాను యంత్రాలకు ప్లస్ ఆకారపు మరలే ఉన్నా, వాటి గాడి మన మామూలు స్క్రూడ్రైవరు మొనకు పూర్తిగా సరిపోదు. బలం పెడితే జారి మర తల చెడిపోతుంది. జేఐఎస్ అనే జపాను ప్రమాణపు మొనలు ముందే తెప్పించుకోవడం ఈ పని మొత్తంలో నేను చేసిన మొదటి తెలివైన పని. కెమెరా ప్రతి వైపు బొమ్మనూ ఒక అట్టపై గీసి, రెండు వైపులా అంటుకునే టేపు పరిచి, ఏ మరను తీస్తే దాన్ని బొమ్మలో అదే చోట అంటించాను. పొడవులో ఒకటిన్నర మిల్లీమీటరు తేడా ఉన్న మరలు పక్కపక్కనే ఉన్నాయి. పొడవైనదాన్ని పొట్టి దాని చోట బిగిస్తే అది కింది బోర్డులోకి దిగబడుతుంది.

వ్యూఫైండర్‌లో ఉన్నది బుల్లి పిక్చర్ ట్యూబు. దానికి హెచ్చు వోల్టేజి వెళుతుంది కాబట్టి ఆ వైపు చేయి పెట్టలేదు.

మూత తీశాక కొత్త తంటా వచ్చిపడింది. ప్లే నొక్కితే అసలు రీలును బయటికే లాగడం లేదు, రివైండ్ నొక్కితే అర సెకనులో ఆగిపోతోంది. విప్పేటప్పుడు ఏ రిబ్బన్ తీగనో తెంపేశానని గుండె జారిపోయింది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా ప్రతి కనెక్టరునూ ఊడదీసి మళ్లీ పెడుతూ కూర్చున్నాను. చివరికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద పవర్ సప్లయి నడుస్తూనే ఉంది గానీ బల్ల దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో అలవాటు కొద్దీ ప్లే నొక్కితే రీలు చక్కగా బయటికి వచ్చింది.

సంగతి ఏమిటంటే, క్యాసెట్ మధ్య రంధ్రంలో ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం, రెండు పక్కలా రెండు గ్రాహకాలు ఉంటాయి. రీలు నల్లగా ఉన్నంతసేపూ వెలుతురు గ్రాహకానికి అందదు. రీలు చివర పారదర్శకమైన ముక్క వచ్చినప్పుడు మాత్రం అందుతుంది, అప్పుడు యంత్రం రీలు అయిపోయిందని గ్రహించి ఆగుతుంది. మూత లేని యంత్రం మీదికి నేను బల్ల దీపాన్ని సూటిగా వంచడంతో, ఆ వెలుతురు రెండు గ్రాహకాలనూ తాకి, రీలు రెండు చివర్లూ ఒకేసారి వచ్చేశాయని దానికి చెప్పింది. వీసీఆర్లు విప్పిన ప్రతివారికీ తెలిసిన ముచ్చటే ఇది. నాకు మాత్రం మూడున్నర గంటలు పట్టింది. నల్ల కాగితంతో రెండు పక్కలా చిన్న పరదాలు కట్టి మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు జబ్బు కంటికి కనపడింది. క్యాప్‌స్టన్ అనే సన్నని ఇరుసు, దానికి ఒత్తుకునే రబ్బరు రోలరు కలిసి రీలును సక్రమంగానే లాగుతున్నాయి. అలా లాగిన టేపును అందుకుని చుట్టుకోవలసిన కుడి రీలు చక్రం మాత్రం కదలడం లేదు. దాంతో రోలరుకూ ఆ రీలుకూ మధ్య టేపు ఉచ్చులా వదులైపోతోంది. పాల్ పద్ధతిలో మామూలు వేగం సెకనుకు సుమారు 20 మిల్లీమీటర్లు; ఐదు సెకన్లకు పది సెంటీమీటర్లు పోగవ్వాలి. ఆగిన తరువాత ఉచ్చును దారంతో అంచనా కట్టి చూస్తే తొమ్మిది సెంటీమీటర్లకు పైనే వచ్చింది. అంటే లాగేది లాగుతోంది, చుట్టేదే చుట్టడం లేదు.

మే 25

రెండు రీళ్ల మధ్య ఒక చిన్న పళ్ల చక్రం ఒక చేతి మీద ఊగుతూ ఉంటుంది. ముందుకు నడిచేటప్పుడు అది కుడి రీలు వైపు వాలి దాన్ని తిప్పుతుంది, వెనక్కి చుట్టేటప్పుడు ఎడమ వైపు వాలుతుంది. ఊయల లాంటి ఈ చేయి ఒక పిన్ను మీద స్వేచ్ఛగా తిరగాలి. మా యంత్రంలో అది నడిమధ్యలో కొయ్యబారి నిలబడి ఉంది. పుల్లతో నెడితే కదిలింది గానీ, తేనెలో ముంచిన చెంచాలా బద్ధకంగా కదిలింది. ఫ్యాక్టరీలో వేసిన గ్రీజు ముప్పై ఏళ్లలో ఎండి జిగురైపోయింది. ఈ వయసు యంత్రాల్లో ఇది మామూలే. పాత గ్రీజు మీద కొత్త నూనె చుక్క వేసి సరిపెడితే నాలుగు రోజులు నడిచి మళ్లీ పట్టేస్తుంది, పైగా ఆ నూనె జారి రబ్బరు రోలరును పాడు చేస్తుంది. పాతదంతా తీసేయక తప్పదు.

చేతిని పట్టి ఉంచే ప్లాస్టిక్ వాషరు మెంతిగింజంత కూడా ఉండదు. పట్టకారు కొనతో లేపగానే అది ఎగిరి మాయమైంది. నేల తుడిచాం, టార్చి వేసి బల్ల కింద పాకాం, ఫ్యాను ఆపి వెతికాం. గంట తరువాత నా లుంగీ మడతలో దొరికింది. అప్పటి నుంచి అలాంటి భాగాలేవి తీసినా, కెమెరాతో సహా నా రెండు చేతులనూ పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీస్తున్నాను.

పిన్నునూ, చేతి రంధ్రాన్నీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పుల్లలతో, గోధుమరంగు మరక అంటడం ఆగేవరకూ తుడిచాను. చేతులు కడుక్కోవడానికి అమ్మే 70 శాతం రకంలో మిగిలిందంతా చాలామటుకు నీరే కాబట్టి దాన్ని వాడలేదు. ప్లాస్టిక్‌కు హాని చేయని సింథటిక్ గ్రీజును సూదిమొన మీద నిలిచినంతే పెట్టాను. లోడింగ్ పళ్ల చక్రాలకూ, జారే పట్టాలకూ అదే వైద్యం చేశాను. రబ్బరు రోలరు అద్దంలా నునుపెక్కి ఉంది. తడి గుడ్డతో చాలాసేపు రుద్దితే మెరుపు పోయి మళ్లీ నలుపు తేలింది.

బిగించి ప్లే నొక్కాను. ఐదు సెకన్లు దాటాయి. నిమిషం దాటింది. ముప్పై నిమిషాలు ఆగకుండా నడిచింది. వెనక్కి చుట్టడం మొదటి నుంచి చివరిదాకా జరిగింది, ముందుకు చుట్టడమూ అంతే.

జూన్ 1

ఇన్నాళ్లూ బొమ్మను వ్యూఫైండర్‌లోనే చూస్తున్నాను. అది నలుపు-తెలుపుది, కెమెరాకు స్పీకరు లేదు. ఈ రోజు టీవీకి కలిపేసరికి మిగతా రోగాలన్నీ బయటపడ్డాయి: బొమ్మ మీద మంచు కురుస్తూ క్షణక్షణం అదురుతోంది, రంగు వెలిసిన చీరలా ఉంది, శబ్దం అసలు లేదు.

మంచుతో మొదలుపెట్టాను. నిండు సైజు డ్రమ్ముకు ఎదురెదురుగా రెండు వీడియో హెడ్లు ఉండి, పాల్ యంత్రంలో అది నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు ఒక ఫ్రేము, అందులో ఒక్కో హెడ్డు ఒక్కో సగం చదువుతుంది. రెండింటిలో ఒకటి మూసుకుపోతే ఒక సగం బొమ్మ, ఒక సగం మంచు వంతులవారీగా వచ్చి, చూసేవారికి అదురుగా కనిపిస్తుంది. మురికి పట్టిన హెడ్డుకూ అరిగిన హెడ్డుకూ టీవీ మీద లక్షణం దాదాపు ఒకటే. దుకాణాల్లో ‘హెడ్డు పోయింది’ అనే మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది.

తుడిచే పద్ధతి తప్పితే నిజంగానే హెడ్డు పోతుంది. దూదిపుల్ల వాడకూడదు, దాని పోగు హెడ్డు అంచుకు తగులుకుని పెళుసైన ఆ మొనను విరిచేస్తుంది. మేకతోలు అతికించిన పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, డ్రమ్ముకు తేలిగ్గా ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును పై అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ ఎన్నడూ రుద్దకూడదు. మొదటిసారి తోలు మీద నల్లటి గీత వచ్చింది, మూడోసారికి తెల్లగానే మిగిలింది. పది నిమిషాలు ఆరనిచ్చి క్యాసెట్ పెడితే మంచు పూర్తిగా ఆగిపోయింది. ఈ 8 మిల్లీమీటర్ల పద్ధతిలో వీహెచ్ఎస్ వీసీఆర్‌కు ఉన్నట్టు ట్రాకింగ్ తిప్పే మీట ఉండదు. బొమ్మతోపాటే రికార్డయిన నాలుగు సన్నని స్వరాలను వింటూ యంత్రం తనే తోవ సరిచేసుకుంటుంది. కాబట్టి బొమ్మ స్థిరపడిందంటే గైడ్ల అమరిక కూడా చెడలేదని తేలినట్టే. వాటి మరలు ముట్టుకోనవసరం లేకపోవడం పెద్ద అదృష్టం.

ఇక శబ్దం. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చిన తర్కం ఇక్కడ ఉంది. మామూలు వీహెచ్ఎస్‌లో శబ్దం టేపు అంచున వేరే గీతగా, వేరే కదలని హెడ్డుతో రికార్డవుతుంది. ఆ హెడ్డుకు మురికి పడితే బొమ్మ బాగుండి మాట పోవచ్చు. హై8లో మామూలుగా వాడే శబ్దం అలా కాదు. దాన్ని 1.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఎఫ్ఎం తరంగంగా మార్చి, బొమ్మతో కలిపి, తిరిగే వీడియో హెడ్లతోనే రాస్తారు. అంటే బొమ్మను ఇంత శుభ్రంగా చదువుతున్న హెడ్డు శబ్దాన్నీ చదువుతూనే ఉండాలి. పోయింది హెడ్డు తరువాతి దారిలో ఎక్కడో.

దాన్ని రూఢి చేసుకోవడానికి క్యాసెట్ తీసేసి, కెమెరా మోడ్‌లో పెట్టి మైకు ముందు చప్పట్లు కొట్టాను. టీవీ నుంచి ఏమీ రాలేదు. టీవీ వాల్యూమ్ చివరికంటా పెంచితే, పక్కింటి గోడ అవతల నుంచి వచ్చినట్టు సన్నగా, బరువు లేని చప్పుడొకటి వినిపించింది. క్యాసెట్ శబ్దానికీ మైకు శబ్దానికీ కలిసే చోటు బయటికి పంపే ఆడియో భాగం ఒక్కటే. చప్పుడు పూర్తిగా చావకుండా పీలగా మారిందంటే, దారి తెగలేదు, దారిలో ఉన్న కెపాసిటర్లు (విద్యుత్తును కాస్తసేపు దాచుకునే చిన్న భాగాలు) ఎండిపోయాయి.

జూన్ 8

ఆడియో, వీడియో భాగాలున్న బోర్డును బయటికి తీశాను. బోర్డు మీద అతికించే రకం చిన్న అల్యూమినియం డబ్బీ కెపాసిటర్లు దాని మీద ఇరవై ఆరు ఉన్నాయి. పైకి బాగానే ఉన్నాయి గానీ, వాటి కాళ్ల దగ్గర సోల్డరు మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగింది. రెండు చోట్ల రాగి మీద పచ్చటి చిలుము కట్టింది. ఎనభైల చివరి నుంచి తొంభైల మొదటి సగం దాకా వచ్చిన కామ్‌కార్డర్లలో ఈ రకం కెపాసిటర్లు అడుగు సీలు దగ్గర కారిపోవడం ప్రసిద్ధమైన రోగమే. కారిన ద్రవం క్షారం. అది రాగి గీతలను మెల్లగా తినేస్తుంది.

మా వీధి చివర నలభై ఏళ్లుగా టీవీలు బాగుచేసే పెద్దాయనను పిలుచుకు వచ్చాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బోర్డును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

“చూడనక్కరలేదు బాబూ, సోల్డరింగ్ ఐరన్ ఆనించు, చేపల కంపు వస్తే కారినట్టే.”

“అన్నీ మార్చాలంటారా మాస్టారూ, చెడ్డవి మాత్రమే మారిస్తే చాలదా?”

“ఇవాళ చెడ్డవి మారుస్తావు, మిగిలినవాటి కోసం దసరాకి మళ్లీ విప్పుతావు. నీ ఇష్టం.”

ఐరన్ ఆనించాను. ఎండుచేపల సంత గుర్తొచ్చింది.

తీయకముందు బోర్డును రెండు వైపులా ఫొటోలు తీసి, పెద్ద కాగితం మీద ప్రతి కెపాసిటరు చోటు, విలువ, వోల్టేజి, మైనస్ వైపు గీసుకున్నాను. ఎక్కువ భాగం 10 మైక్రోఫారడ్-16 వోల్టులు, 22 మైక్రోఫారడ్-6.3 వోల్టులు, కొన్ని 47-4, నాలుగు 4.7-25. కెపాసిటరు లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు పెట్టి చూస్తే ఇరవై ఆరింటిలో పంతొమ్మిదింటి రీడింగు ఉండాల్సినదానికి చాలా దూరంలో ఉంది. మిగిలిన ఏడూ గుర్తుండేంత గొప్పగా ఏమీ లేవు. అన్నీ మార్చాలనే నిర్ణయించుకున్నాను.

జూన్ 15

ఇక్కడ దొరకని విలువల కోసం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లిన పనిలో పనిగా ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చాను. మళ్లీ కారే రకం పెట్టడం ఇష్టంలేక ఎక్కువ చోట్లకు లోపల ద్రవం లేని టాంటలం రకం తీసుకున్నాను, అదీ పాతదాని వోల్టేజికి రెట్టింపుకు తగ్గకుండా. సిరామిక్ కెపాసిటర్లు చవకే గానీ, వోల్టేజి ఇచ్చేసరికి వాటి విలువ తగ్గిపోతుంది, కదలికకు తామే చిన్న మైకుల్లా చప్పుడు పుట్టిస్తాయి. మోటార్లు తిరిగే యంత్రంలో ఆడియో దారిలో వాటిని పెట్టబుద్ధి కాలేదు.

జూన్ 22

మొదటి ఆరింటిని తీయడానికి రెండు గంటలు పట్టింది. మెలితిప్పి పీకే పద్ధతి కొందరు వాడతారు గానీ, చిలుము పట్టిన బోర్డు మీద అది కాళ్లు అతికే రాగి మెట్టునే ఊడదీస్తుంది. డబ్బీ పై భాగాన్ని పక్క కత్తెరతో మెల్లగా కత్తిరించి, కింది నల్ల ప్లాస్టిక్ పీట తీసేసి, మిగిలిన రెండు కాళ్లకు కొత్త సోల్డరు, అది చక్కగా అతుక్కునేలా చేసే ఫ్లక్సు బాగా పట్టించి విడివిడిగా తీశాను. పాడైన సోల్డరు కరగదు, ఐరన్ కింద ఇసుకలా రాలుతుంది. దానికి కొత్త సోల్డరు కలిపితేనే పాకం వస్తుంది. ప్రతిదాని తరువాతా ఆల్కహాల్‌తో, పాత పళ్ల బ్రష్షుతో కడిగాను. ఇంత జాగ్రత్త పడినా రెండు మెట్లు ఊడి చేతికి వచ్చాయి. ఆ గీత ఎక్కడికి పోతుందో మీటరుతో వెతికి, వెంట్రుక లాంటి ఎనామిల్ తీగతో వంతెన కట్టాను.

ఇరవై ఆరూ పెట్టేసరికి రాత్రి పదకొండయింది. పవర్ సప్లయి హద్దును అర ఆంపియరుకు తగ్గించి, క్యాసెట్ లేకుండా స్విచ్చి వేశాను. మీటరు ముల్లు హద్దు దగ్గరికి వెళ్లి అక్కడే నిలబడింది. వెంటనే తీసేశాను. వేలితో తడిమితే ఒక టాంటలం కాలుతోంది: తిరగేసి పెట్టాను. పాత అల్యూమినియం డబ్బీ మీద నల్ల గుర్తు మైనస్‌ను చూపిస్తుంది, టాంటలం మీద ఉండే గీత ప్లస్‌ను చూపిస్తుంది. ఈ సంగతి తెలిసే పని మొదలుపెట్టాను, ఇరవై నాలుగింటి దాకా గుర్తుంది, ఇరవై అయిదోదాని దగ్గర నిద్ర కమ్మింది. హద్దు పెట్టని అడాప్టరే అయితే ఆ కెపాసిటరు నిప్పంటుకుని బోర్డును కూడా కాల్చేది. దాన్ని తీసి పారేసి, కొత్తది పెట్టి, ఇరవై ఆరింటి దిక్కులూ కాగితంతో మళ్లీ సరిచూసి, స్విచ్చి వేయకుండానే పడుకున్నాను.

జూన్ 23

ఆఫీసుకు వెళ్లకముందే స్విచ్చి వేశాను. కరెంటు మామూలుగా ఉంది. ‘ట్రయల్’ క్యాసెట్ పెట్టాను.

మస్కట్‌లో ఏదో మేడ కిటికీ, కింద ఎండలో మెరిసే రోడ్డు, తెల్లటి కార్లు. రంగు నిండుగా వచ్చింది. ఆకాశం ఇన్నాళ్లూ బూడిదరంగనుకున్నాను. తరువాత టీవీలోంచి కార్ల హోరు, గాలి మైకుకు తగిలే బరబర, ఆ వెనుక మా మావయ్య గొంతు: “ఇది రికార్డవుతున్నట్టా, లేనట్టా?” ఎవరిని అడిగాడో తెలియదు, జవాబు లేదు. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమైంది.

కెమెరా మోడ్‌లో మాత్రం బొమ్మ ఇంకా పాలిపోయే ఉంది. లెన్సు వెనుక ఉన్న బోర్డు మీదా ఇవే కెపాసిటర్లు ఉన్నాయని తెలుసు. కొత్తగా తీసేదేమీ లేదు కాబట్టి ఆ వైపు వెళ్లలేదు, వెళ్లను.

జూన్ 29

ఐదు గంటల పరీక్ష పూర్తయింది. ‘ట్రయల్’ క్యాసెట్‌ను వరసగా ఆడించి, చుట్టి, మళ్లీ ఆడించాను. ప్రతి గంటకూ మూత తెరిచి రీలు అంచులను భూతద్దంతో చూశాను. ముడతలు గానీ గీతలు గానీ లేవు. మూడో గంటలో వర్షం పడి గదిలో చెమ్మ పెరిగింది, యంత్రానికి ఏమీ కాలేదు.

జూలై 6

క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలైంది. పసుపు పిన్ను తీగ కాకుండా ఎస్-వీడియో తీగ వాడాను. హై8 వెలుగునూ రంగునూ టేపు మీద విడివిడిగానే దాచుకుంటుంది, ఎస్-వీడియోలో అవి విడిగానే బయటికి వస్తాయి, మధ్యలో కలిపి మళ్లీ విడదీసే నష్టం ఉండదు.

మొదటి గంటలోనే బొమ్మ ఉన్నట్టుండి ఎగిరి, శబ్దం ముందుకు పోయింది. పాత టేపు నుంచి వచ్చే గీతల కాలం కొద్దికొద్దిగా అటూఇటూ ఊగుతుంటుంది. పాత టీవీ దాన్ని సహించేది, యూఎస్‌బీ పరికరం సహించలేక ఫ్రేములు వదిలేస్తుంది. ఇంట్లో మూలన పడి ఉన్న డీవీడీ రికార్డరును మధ్యలో కలిపి, డిస్కు లేకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి పంపేలా పెట్టాను. అది ఫ్రేమును తనలో పట్టుకుని సమకాలం చేసి పంపుతుంది. ఆ తరువాత గంటన్నరలో ఒక్క ఫ్రేమూ పోలేదు. అన్ని డీవీడీ రికార్డర్లూ ఈ పని చేయవు, మాది చేసింది.

720×576, సెకనుకు 25 ఫ్రేములు, నష్టంలేని కుదింపుతో దాచుతున్నాను. కుదించకపోతే గంటకు 75 గిగాబైట్ల దాకా అవుతుంది. కుదింపుతో అందులో సగానికి లోపే వస్తోంది. గీతలను కలిపి నున్నగా చేయడం, కింది అంచున హెడ్లు మారే చోట కనిపించే చిందరవందర కత్తిరించడం లాంటివి ఇంట్లోవాళ్లకు ఇచ్చే ప్రతిలో మాత్రమే చేస్తాను, మూలాన్ని ముట్టను. ప్రతి క్యాసెట్‌నూ ఆడించకముందు ఒకసారి ముందుకూ వెనక్కీ పూర్తిగా చుట్టిస్తున్నాను. ఏళ్ల తరబడి ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్న పొరలు అలా విడివడతాయి.

జూలై 20

తొమ్మిది క్యాసెట్లూ ఎక్కాయి. ఒకటి సగం వేగంతో తీసినదని తెలియక గంటన్నరకు ఆపేసి వెళ్లిపోయాను. మూడు గంటలు నడిచేది అది, రెండోసారి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. మరో రోజు పొద్దున్న, ఏసీ గదిలోంచి తెచ్చి వరండాలో పెట్టగానే వ్యూఫైండర్‌లో నీటిబొట్టు గుర్తు వెలిగి యంత్రం మొండికేసింది. చల్లని డ్రమ్ము మీద ఉక్కపోత గాలి చెమ్మగా కట్టిందని అర్థం. తడి డ్రమ్ముకు రీలు అతుక్కుపోతే చిరిగిపోతుంది. గూడు తెరిచి రెండు గంటలు వదిలేస్తే తనే సర్దుకుంది.

బూజు పట్టిన రెండూ మిగిలాయి. వాటిని ఈ యంత్రంలో పెట్టను. పదిహేను రోజులుగా సిలికా జెల్ సంచులతో పాటు గాలి చొరబడని డబ్బాలో ఉంచాను. బూజు ఎండి పొడిబారాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, డాబా మీద డబ్బీలు విప్పి, రీలును చేత్తో చుడుతూ మెత్తటి గుడ్డ మధ్య నుంచి లాగి, ఖాళీ చేసిన కొత్త క్యాసెట్ డబ్బీల్లోకి మార్చాలి. ఆ తరువాత ఆడించడానికి, పోయినా బాధ లేని రెండో యంత్రం ఒకటి కావాలి. ఆన్‌లైన్‌లో ఒకటి చూశాను. అమ్మేవారిని లోపమేమిటని అడిగితే, ‘క్యాసెట్ పెడితే ఐదు సెకన్లు నడిచి ఆగిపోతుంది, హెడ్డు పోయినట్టుంది’ అన్నారు. డబ్బు పంపించాను.